భాగస్వామ్య పత్రము – పన్ను నియమములు
(వార్షిక మహాసభ యందు చేసిన ఉపన్యాసము)



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి అంగళ్లు మూసికొని, పనులు మానుకొని మీరందరు ఈ మహాసభకు విచ్చేసితిరి. కార్యదర్శిగారు మమ్ము పిలిచి, "పంతులుగారూ, ఈ యేడు పురాణము వలదు, భాగస్వామ్యపు పన్నులను గూర్చి చెప్పుడు" అనిరి. మేము ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గొన్నవారము. ఆడిటరులము కాము, వకీళ్లమును కాము. ఐనను ఈ విషయమున మాకొక ఋణము కలదు. దానిని మీ యెదుట తీర్చుకొనవలెనని ఒప్పుకొంటిమి. ఆ ఋణమేదియో ముందుగా విన్నవించి, పిమ్మట నియమములలో ప్రవేశింతుము.

2010వ సంవత్సరమున మా పూర్వ విద్యార్థులిద్దరు, వరుసకు బావబావమరుదులు, జనగామలో ఇనుము, సిమెంటు దుకాణము పెట్టదలచి మా యింటికి వచ్చిరి. "సారూ, మీ భాష మంచిగుంటది. పత్రం మీరే రాయాలె" అని కోరిరి. మేమును సంతసించి నాలుగు పుటల పత్రము వ్రాసి యిచ్చితిమి. భాగస్వాముల జీతమును గూర్చి అందు "ఉభయులును పరస్పరానుమతితో కాలానుగుణముగ నిర్ణయించుకొను వేతనమును పొందుదురు" అని వ్రాసితిమి. ఆ వాక్యము కుదిరినందులకు లోలోపల గర్వపడితిమి కూడ.

కొంతకాలమునకు ఆ ఫర్ము లెక్కలు పరిశీలనకు వచ్చినవి. ఒక్కొక్కరు 1,20,000 రూపాయల చొప్పున తీసికొనిన జీతము, వెరసి 2,40,000 రూపాయలు, ఖర్చుగా చెల్లలేదు. నాటి రేటు నూటికి 30, ఆ పన్నుపై నూటికి 3 సెస్సు. ఆ లెక్కన 74,160 రూపాయలును, దానిపై వడ్డియు అదనముగా కట్టవలసి వచ్చెను. పన్ను అధికారి చేసినది అన్యాయము కాదు. పత్రమున జీతపు అంకె లేదు. అంకెను కట్టు విధానమును లేదు. అట్టి పత్రము చెల్లదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలి 1996 మార్చి 25వ తేదీన 739వ సర్క్యులరు ద్వారా తెలిపియే యుండెను. మేము కలము పట్టుటకు పదునాలుగేండ్ల ముందటి మాట అది. మేము దానిని ఎరుగము. ఎరిగినవారిని అడుగనును లేదు.

వారిలో పెద్దవాడు మా యింటికి వచ్చి పరుషముగ ఒక్క మాటయు అనలేదు. "సారూ, మీరు రాసిన కాయితం చదువుతుంటే మంచిగనే ఉన్నది గని, లెక్కకు వచ్చేసరికి అండ్ల ఏమీ దొరకుతలేదు" అని మాత్రము అనెను. పైకము వారు కట్టిరి. కాని ఆ నష్టము ఎవరి వంతు అను ప్రశ్న అంగడినుండి యింటిలోనికి ప్రవేశించెను. రెండేండ్లలో ఫర్ము విడిపోయెను. ఆ యింటి ఆడపడుచు పండుగకు పుట్టింటికి పోవుట మానెను. ఇప్పుడు మరల పోవుచున్నది. కాని నడుమ ఆరేండ్లు గడచినవి. సోదరులారా! మేము తీర్చవలసిన ఋణమిదియే. మాటలు చక్కగా నుండుట వేఱు, పత్రము చెల్లుట వేఱు అని మీకు తెలుపుటకే నిలిచితిమి.

పలువురు కూడి వర్తకము చేయుట మనకు క్రొత్త కాదు. మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో నాల్గవది సంభూయ సముత్థానము, అనగా కూడి చేయు వ్యాపారము. లాభము కోరి కలిసిన వర్తకులు లాభనష్టములను పెట్టిన ద్రవ్యమును బట్టి గాని, చేసికొన్న ఒప్పందమును బట్టి గాని పంచుకొనవలెనని యాజ్ఞవల్క్యుని మతము. ఆ స్మృతికి వ్యాఖ్యయగు మితాక్షరను పదమూడవ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. ఆ శతాబ్దముననే, మన ప్రాంతములను ఏలిన కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున 1244లో అభయశాసనము వేయించి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గొనబోమని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. రాజంతటివాడు ఆ మాటను నోటితో విడువక శిలపై చెక్కించెను. నమ్మకము లేక వ్రాయుదురని కొందరు తలంతురు. నమ్మకము నిలుచుటకే వ్రాయుదురని మా భావము.

ఇక నేటి చట్టమునకు వత్తము. భాగస్వామ్యమునకు మూలము 1932 నాటి భారత భాగస్వామ్య చట్టము. పత్రము మౌనముగా నున్నచో చట్టమే మాటాడును. ఆ మాట మీకు నచ్చకపోవచ్చును. పత్రమున వాటాలు వ్రాయనిచో, ఒకడు ముప్పాతిక పెట్టుబడి పెట్టినను లాభనష్టములు సమానముగనే పోవును. యాజ్ఞవల్క్యుడు ద్రవ్యమును బట్టి పంచుడనెను. నేటి చట్టము సమముగ పంచుమనుచున్నది. పత్రమున లేకున్నచో దుకాణమున పగలంతయు కూర్చున్నవానికి జీతము లేదు, పెట్టుబడికి వడ్డి లేదు. పెట్టుబడికి మించి ఇచ్చిన అప్పునకు మాత్రము నూటికి 6 వడ్డి కలదు. ఫర్ము చేసిన అప్పునకు భాగస్వాములందరు కలిసియు, ఒక్కొక్కరు వేఱుగను బాధ్యులు. ఈ భయము వలదనువారికి 2008 నాటి చట్టముచే పరిమిత బాధ్యతా భాగస్వామ్యమను మార్గమున్నది. ఆదాయపు పన్ను రేటు దానికిని ఫర్మునకును ఒకటే.

ఫర్మును రిజిస్ట్రారు ఆఫ్ ఫర్మ్సు నొద్ద నమోదు చేయుట తప్పనిసరి కాదు. ఆదాయపు పన్ను కొఱకు అది అవసరమును కాదు. కాని నమోదు లేని ఫర్ము ఒప్పందమును బట్టి రావలసిన బాకీకై బయటివానిపై దావా వేయజాలదు. ఉద్దెర యిచ్చు వర్తకునకు ఇంతకంటె చెప్పవలసినది లేదు.

మన పెద్దలలో కొందరు నేటికిని పాత లెక్కనే తలచుచున్నారు. హైదరాబాదు సంస్థానమునకు 1357 ఫసలీ నాటి ఆదాయపు పన్ను చట్టముండెను. 1950 ఏప్రిల్ 1 నుండి దేశపు చట్టమే మనకును వర్తించినది. ఆ పిమ్మట చాల కాలము, పన్ను కార్యాలయమున నమోదైన ఫర్ము కొంత పన్ను కట్టగా, లాభములో తన వాటాపై ప్రతి భాగస్వామియు తన లెక్కలో మరల కట్టుచుండెను. 1992 ఆర్థిక చట్టము, 1993-94 మదింపు సంవత్సరమునుండి, ఆ పద్ధతిని మార్చినది. ఇప్పుడు ఫర్మే వేఱొక వ్యక్తివలె పన్ను కట్టును: నూటికి 30, దానిపై నూటికి 4 సెస్సు, ఆదాయము కోటి రూపాయలు దాటినచో సర్‌చార్జి 12. మిగిలిన లాభములో భాగస్వామికి వచ్చు వాటాపై మరల పన్ను లేదు. జీతమును వడ్డియు మాత్రము ఫర్మునకు ఖర్చుగ చెల్లును, తీసికొనినవానికి వ్యాపారాదాయమగును. లాభము వచ్చినను రాకున్నను ఫర్ము రిటర్ను వేయవలసినదే.

జీతమును వడ్డియు ఖర్చుగ చెల్లవలెనన్నచో కొన్ని షరతులున్నవి. భాగస్వామ్యము వ్రాతమూలకముగ నుండవలెను. ప్రతివాని వాటా అందు స్పష్టముగ నుండవలెను. మైనరులు కాక తక్కిన భాగస్వాములందరు ధ్రువపరచిన ప్రతిని మొదటి సంవత్సరపు రిటర్నుతో దాఖలు చేయవలెను. భాగస్వాములు గాని వాటాలు గాని మారిన యేడు మార్చిన పత్రమును మరల దాఖలు చేయవలెను. వడ్డి పత్రమున వ్రాసినదై, సంవత్సరమునకు నూటికి 12కు మించని బారువడ్డి కావలెను. జీతము స్వయముగ పనిచేయు భాగస్వామికే చెల్లును. అతని జీతము ఇంతయని గాని, ఈ విధముగ కట్టవలెనని గాని పత్రమే చెప్పవలెను. వ్రాసిన దినమునకు ముందటి కాలమునకు జీతము చెల్లదు. ఏడాది చివర పత్రము వ్రాసి మొదటి తేదీ వేసిన ఫలము లేదు.

జీతమునకు గరిష్ఠ పరిమితియు కలదు. 2024 నాటి రెండవ ఆర్థిక చట్టము, 2025-26 మదింపు సంవత్సరమునుండి, దానిని పెంచినది. పెట్టుబడిపై వడ్డి పోగా, జీతము తీయక ముందున్న లాభమును పుస్తక లాభమందురు. అందు మొదటి 6,00,000 రూపాయలపై నూటికి 90 గాని, 3,00,000 రూపాయలు గాని, ఏది యెక్కువయో అది చెల్లును. ఆపై మొత్తముపై నూటికి 60 చెల్లును. నష్టము వచ్చిన యేడును 3,00,000 వరకు జీతము చెల్లును.

లెక్క వేసి చూతము. ఇద్దరు పనిచేయు భాగస్వాముల ఫర్మునకు పుస్తక లాభము 10,00,000 రూపాయలనుకొందము. మొదటి ఆరు లక్షలపై 5,40,000, మిగిలిన నాలుగు లక్షలపై 2,40,000, వెరసి 7,80,000 రూపాయల జీతము చెల్లును. ఫర్మునకు మిగిలినది 2,20,000. దానిపై పన్ను 66,000, సెస్సు 2,640. మొత్తము 68,640 రూపాయలు. ఒక్కొక్క భాగస్వామికి 3,90,000 వచ్చును. వేఱు ఆదాయము లేనివానికి 2025-26 ఆర్థిక సంవత్సరపు క్రొత్త విధానమున దీనిపై పన్ను పడదు. అదే ఫర్ము పత్రము మా వాక్యము వంటి వాక్యముతో నున్నచో పది లక్షలపైనను పన్ను 3,00,000, సెస్సు 12,000. మొత్తము 3,12,000 రూపాయలు. తేడా 2,43,360 రూపాయలు. దుకాణమొక్కటే, సరకొక్కటే, శ్రమయొక్కటే. ఒక్క పంక్తి యుండుట, లేకపోవుట మాత్రమే భేదము.

2025 ఏప్రిల్ 1 నుండి మరియొక నియమము వచ్చినది. ఫర్ము తన భాగస్వామికి ఇచ్చు జీతము, కమీషను, బోనసు, వడ్డి అన్నియు కలిసి ఏడాదికి 20,000 రూపాయలు దాటినచో, నూటికి 10 వంతున పన్ను మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలెను. నగదు చేతికి ఇయ్యకున్నను, భాగస్వామి ఖాతాలో జమ వ్రాసిన దినముననే మినహాయింపవలెను. లాభపు వాటాకును, తన పెట్టుబడిని తాను తిరిగి తీసికొనుటకును ఇది వర్తింపదు. కావున అంగడి గల్లానుండి ఇంటికి తీసికొనిన పైకము జీతమా, పెట్టుబడియా, లాభమా అని చిట్టాలో ఆనాడే వ్రాసికొనుడు. "వాడుక" అని ఒక్క మాట వ్రాసి ఊరకుండు కాలము పోయినది. పన్ను లేని భాగస్వామి రిటర్ను వేసి ఆ సొమ్మును తిరిగి పొందవచ్చును.

మహబూబాబాదు సోదరులకు ప్రత్యేకముగ నొక మాట. మీలో మిర్చి అడితిదారులు పలువురు. పెద్ద లెక్కలు లేకుండ అమ్మకముపై నూటికి 8, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై నూటికి 6 ఆదాయముగ చూపు అంచనా పద్ధతి యొకటి కలదు. అమ్మకము 2 కోట్లు, నగదు రాబడి నూటికి 5 మించనిచో 3 కోట్లు దాటనివారికి అది వర్తించును. కాని కమీషను ఆదాయమునకును, ఏజెన్సీ వ్యాపారమునకును ఆ మార్గము మూసియున్నది. అడితి కమీషనుపై బ్రతుకువారు చిట్టా, ఆవర్జా సక్రమముగ నుంచుకొనవలసినదే. సొంతముగ కొని అమ్ము ఫర్ములకు ఆ పద్ధతి తెరచియున్నను, 2017-18 మదింపు సంవత్సరమునుండి అట్లు కట్టిన ఆదాయమునుండి భాగస్వాముల జీతమును వడ్డిని మరల తీసివేయుటకు వీలులేదు. సులువని తలచి ఆ దారి పట్టి, జీతపు మినహాయింపును పోగొట్టుకొనకుడు. రెండు విధముల లెక్క వేయించి చూచి, పిమ్మట ఎంచుకొనుడు.

భూపాలపల్లి వారి సంగతి వేఱు. బొగ్గు గనులను, చెల్పూరు విద్యుత్కేంద్రమును ఆశ్రయించి లారీలు త్రిప్పువారు అచ్చట కలరు. ఏడాదిలో ఏనాడును పదికి మించి సరకు బండ్లు లేని ఫర్మునకు, 1961 చట్టమున, బండ్ల లెక్కన ఆదాయము కట్టు పద్ధతి యున్నది. మొత్తము బరువు 12 టన్నులు మించిన బండికి టన్నునకు నెలకు 1,000 రూపాయలు, తక్కిన బండికి నెలకు 7,500 రూపాయలు. ఇచ్చట మాత్రము, పై పద్ధతికి భిన్నముగ, భాగస్వాముల జీతమును వడ్డియు పరిమితి మేరకు ఆ మొత్తమునుండి తీసివేయవచ్చును. కాని లారీ ఫర్ముదో, భాగస్వామిదో పత్రముననే తేల్చి వ్రాసికొనుడు. బండి కాగితము ఒకని పేర, ఫైనాన్సు వాయిదా ఫర్ము పేర, కిరాయి మరియొకని ఖాతాలో నున్నచో, విడిపోవు దినమున ఆ లారీని ఏ దేవుడును పంచజాలడు.

స్థలములకును ఇదియే నీతి. భాగస్వామి తన స్థలమును ఫర్మునకు పెట్టుబడిగ ఇచ్చుట చట్టదృష్టిలో బదిలీయే. పుస్తకములలో వ్రాసిన విలువయే దాని వెలగా నెంచబడును. లాభమున్నచో ఇచ్చినవాడు పన్ను కట్టవలెను. విడిపోవునాడు ఫర్ము ఆస్తిని గాని సరకును గాని భాగస్వామికి ఇచ్చినచో, 2021 ఆర్థిక చట్టము తెచ్చిన నియమముల ననుసరించి ఫర్మునకు పన్ను రావచ్చును. కావున "మనలో మనకేమి" అని స్థలము కలుపుటకు ముందే ఆడిటరును అడుగుడు.

ఇంటివారిని చేర్చుకొను విషయమున రెండు మాటలు. మైనరును పూర్తి భాగస్వామిగ చేర్చరాదు. అందరి సమ్మతితో లాభమునకు మాత్రము చేర్చవచ్చును. తాను లాభమునకు చేర్చబడినట్లెరిగిన యువకుడు, మేజరైన ఆరు నెలలలోపల తన నిర్ణయమును బహిరంగముగ ప్రకటింపవలెను. లేనిచో పూర్తి భాగస్వామియై అప్పులకును బాధ్యుడగును. అవిభక్త కుటుంబ వ్యాపారము జన్మముచే కలుగును, భాగస్వామ్యము ఒప్పందముచే కలుగును. రెంటిని కలపరాదు. ఇక సోదరీమణులారా! మీ పేర్లను పత్రములలో "పనిచేయు భాగస్వామి" యని వ్రాసి సంతకము మాత్రము గొనుచున్న ఇండ్లు మాకు తెలియును. అంగడి ముఖము చూడని వారికి జీతము చెల్లదు. అప్పు వచ్చిననాడు బాధ్యత మాత్రము తప్పదు. సంతకమునకు ముందు చదువుడు. వీలైనచో నిజముగనే గల్లా యొద్ద కూర్చుండుడు. లెక్కలలో మీరు మగవారికి తీసిపోరని బడిలో మేము చూచినదే.

అన్నిటికంటె బాధాకరమైనది మరణము. పత్రమున వేఱుగ లేనిచో ఒక భాగస్వామి మరణముతో ఫర్ము రద్దగును. ఇద్దరే యున్న ఫర్మున ఒకరు పోయినచో మిగిలినవానిని ఫర్మనుటకే వీలులేదు. వారసుని చేర్చుకొను విధమును, పోయినవాని వంతును లెక్కకట్టు విధమును బ్రతికియుండగనే వ్రాసికొనుట అమంగళము కాదు. విధవరాలు తన భర్త వాటాకై అంగడి మెట్లెక్కి దిగుటయే అమంగళము. భాగస్వామి పోయినను, చేరినను, విరమించినను జి.ఎస్.టి. నమోదులో 15 దినములలోపల మార్పునకు దరఖాస్తు చేయవలెను.

2025లో వచ్చిన క్రొత్త ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు చేయబడినది. సెక్షన్ల సంఖ్యలు మారినవి. అందుకే మేము సంఖ్యలు చెప్పలేదు. రేట్లును పరిమితులును ఏటేట మారవచ్చును. వానిని ఆడిటరు నడిగి తెలిసికొనుడు. ఐనను పత్రమున నున్నదే చెల్లునను మూలసూత్రము నేటికిని అదియే.

ఇక ముగింతుము. మనము ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయుదుము. ఆదాయమెంత, వ్యయమెంత యని శ్రద్ధతో విందుము. ఆ పండుగ ఇంచుమించు లెక్కల సంవత్సరము మారు వేళకే వచ్చును. ఏటేట మార్చి ముగియకముందే, మీ బీరువాలోని భాగస్వామ్య పత్రమును బయటికి తీసి, భాగస్వాములందరు ఒకచోట కూర్చుండి, ఇంటి ఆడువారు కూడ వినుచుండగా బిగ్గరగ చదువుకొనుడు. దీనిని పత్రశ్రవణమందము. ఎవరి వాటా యెంత, జీతము అంకెలలో నున్నదా, వడ్డి యున్నదా, ఆస్తి యెవరిది, ఒకరు పోయినచో ఏమగును – ఈ యైదింటికి జవాబు దొరకనిచో ఏప్రిల్ 1 రాకముందే క్రొత్త పత్రము వ్రాయించుకొనుడు. వ్రాయించునప్పుడు మావంటి పంతుళ్లచే కాక తెలిసినవారిచే వ్రాయించుడు. భాష దిద్దవలసియున్నచో మేము సిద్ధముగ నున్నాము. అంకె మాత్రము ముట్టము.

 మీ వ్యాపారములు వర్ధిల్లుగాక! మీ ఆడపడుచులు పండుగకు పుట్టింటికి వచ్చుచుందురుగాక!